14 పాళ్ల నీళ్లు

జ్వరంతో పడుకున్న మనిషికి గంజి కాయమంటే ఇవాళ ఎవరైనా చేసేది ఒకటే. గుప్పెడు బియ్యం, చాలినన్ని నీళ్లు, చిటికెడు ఉప్పు. ఈ "చాలినన్ని" అనే మాట మధ్యయుగాల వైద్యుడి ముందు చెల్లేది కాదు. బియ్యానికి 14 రెట్లు నీళ్లు పోసి ఉడికించి వారిస్తే ఒక పేరు, 6 రెట్లు పోస్తే ఇంకో పేరు, 4 రెట్లయితే మరో పేరు. పేరు మారితే గుణం మారుతుంది, ఏ రోజున ఎవరికి పెట్టాలన్నదీ మారుతుంది. బియ్యం అవే, పొయ్యి అదే. తేడా అంతా నీళ్లలోనే.

ఈ కొలతలు వరసగా ఒకచోట దొరికేది శార్ఙ్గధర సంహితలో. 13, 14 శతాబ్దాల నాటి ఆయుర్వేద పుస్తకం. 3 ఖండాలు, 32 అధ్యాయాలు. రోగాల వర్ణన తక్కువ, మందు ఎలా తయారుచేయాలన్నదే ఎక్కువ. మధ్యమ ఖండంలో కషాయాల అధ్యాయం చివర్లో గంజులు, కట్లు (పప్పుదినుసులు ఉడికించిన నీళ్లు), జావలు వస్తాయి. వంట కదా అని వాటికి వేరే అధ్యాయం కేటాయించలేదు. కషాయం కాచిన మట్టికుండ, తూచిన త్రాసు, వడగట్టిన గుడ్డ, అన్నీ గంజికీ అవే. రోగి వంటను అప్పట్లో ఎంత లెక్కగా చూసేవారో ఆ ఒక్క అమరికే చెబుతుంది.

ఇది పుస్తకాల్లో మిగిలిపోయిన చదువు కాదు. వీరరాజేంద్ర చోళుడి కాలపు తిరుముక్కూడల్ శాసనంలో, అంటే 11వ శతాబ్దం మూడో పాదంలో, 15 మంది రోగులు పడుకునే ఆతురశాల లెక్క ఉంది. మనిషికి రోజుకు ఒక నాళి చొప్పున 15 నాళ్ల బియ్యం. వైద్యుడు, శస్త్రం చేసేవాడు, మూలికలు తెచ్చేవాళ్లు, వాళ్లతో పాటు "మందు వండే ఆడవాళ్లు" ఇద్దరు. మందు నూరడం, కలపడం అనలేదు, వండడం అన్నారు. మన దగ్గర 1261 నాటి మల్కాపురం శాసనంలో, రుద్రమదేవి కాలంలో, విశ్వేశ్వర శివాచార్యుల ఏర్పాట్లలో సత్రంతో పాటు ప్రసూతిశాల, ఆరోగ్యశాల కనిపిస్తాయి. అక్కడి పొయ్యిల మీద ఉడికినదేమిటో శాసనం చెప్పదు గాని, ఆ కాలపు వైద్యగ్రంథం పక్కన పెట్టుకుంటే కుండలో ఏముండేదో ఊహించడం కష్టం కాదు.

ముందు తూకం సంగతి తేల్చుకోవాలి, లేకపోతే కింద చెప్పేదంతా తప్పుతుంది. ఇప్పటి ఆయుర్వేద లెక్కలో కర్షం 12 గ్రాములు, 4 కర్షాలు ఒక పలం, 48 గ్రాములు. 4 పలాలు ఒక కుడవం, 192 గ్రాములు. 4 కుడవాలు ఒక ప్రస్థం, 768 గ్రాములు. ఇందులో ఒక మెలిక ఉంది. కుడవం మొదలుకొని పై కొలతల్లో చెప్పిన ద్రవాలను రెట్టింపు తీసుకోవాలన్నది శాస్త్ర పరిభాషలోని నియమం. అంటే "ప్రస్థం నీళ్లు" అని ఉంటే పోయాల్సింది 1,536 మిల్లీలీటర్లు. పలాల్లో చెప్పినచోట ఈ రెట్టింపు లేదు. "ఇన్ని రెట్లు" అన్నచోట అసలు ఇబ్బందే లేదు, రెండింటినీ ఒకే త్రాసులో తూచుకుంటే సరిపోతుంది.

అందరూ తప్పేది సరిగ్గా ఇక్కడే. గ్లాసుతో బియ్యం కొలిచి అదే గ్లాసుతో 14 సార్లు నీళ్లు పోస్తారు. గ్లాసెడు బియ్యం బరువు గ్లాసెడు నీళ్ల బరువులో సుమారు ఐదింట నాలుగు వంతులే. కాబట్టి తూకం ప్రకారం 14 రెట్లంటే గ్లాసు లెక్కన 11 గ్లాసుల పైచిలుకు. 14 గ్లాసులు పోస్తే గంజి పలచనై, ఒంటికి పట్టే సారం తగ్గిపోయి, కడుపు మాత్రం నిండుతుంది. నీరసంగా ఉన్నవాడు రెండు గుటకలే తాగగలడు. ఆ రెండు గుటకల్లో ఏముందన్నదే అసలు ప్రశ్న.

మొదటిది మండం. తెలుగులో గంజి అంటే అసలు అర్థం ఇదే, అన్నం వార్చిన నీళ్లు. మెతుకు ఒక్కటి కూడా ఉండకూడదు. శార్ఙ్గధరుడు "అసిక్థకం" అని ఆ సంగతి ప్రత్యేకంగా చెప్పాడు, సిక్థం అంటే మెతుకు. నీళ్లు 14 రెట్లు, చివర శొంఠి, సైంధవ లవణం. ఒక మనిషికి ఒక పూటకు 50 గ్రాముల బియ్యం, 700 మిల్లీలీటర్ల నీళ్లు.

బియ్యం కనీసం ఏడాది నిలవ ఉన్నవి కావాలి. కొత్తబియ్యం త్వరగా చితికి జిగురు వదులుతాయి, మండం బంకగా సాగుతుంది. పాతబియ్యం నీళ్లు బాగా పీల్చుకుని కూడా గింజ విడివిడిగా నిలుస్తుంది, అందుకే వార్చడానికి వీలవుతుంది. రెండుసార్లు కడిగి పావుగంట నానబెట్టండి. నీళ్లు తెర్లాక బియ్యం వేసి మంట తగ్గించండి. మూత పూర్తిగా వేయొద్దు, పొంగి నురుగంతా పొయ్యి పాలవుతుంది. ఆ నురుగులోనే మనకు కావలసిన సారం చాలా ఉంది. వెడల్పు గిన్నెలో నీళ్లు ఎక్కువ ఇగిరిపోతాయి కాబట్టి లోతైన గిన్నె మేలు. అరగంటకు ఒక మెతుకు తీసి వేళ్ల మధ్య నొక్కితే లోపల పలుకు తగలకూడదు, అలాగని మెతుకు ఆకారం చెదిరిపోనూ కూడదు. దించాల్సిన అదను అదే.

పలచటి నూలుగుడ్డ మీద పోసి, దానంతట అదే కారనివ్వాలి. గరిటెతో నొక్కితే, గుడ్డ మూటగట్టి పిండితే మెతుకు పిప్పి కిందికి దిగుతుంది. అప్పుడది మండం కాదు, జావ. ఉపవాసం తర్వాత తొలి పూట ఇచ్చేదాంట్లో ఈ తేడాకు విలువుంది. వడగట్టాక వేడి మీదే పావు చెంచా శొంఠి పొడి, రుచికి సైంధవం. శొంఠిని ముందే వేసి ఉడికిస్తే ఘాటు ఆవిరైపోయి చేదు మిగులుతుంది. ప్రెషర్ కుక్కర్లో మండం రాదు. 14 రెట్ల నీళ్లతో కుక్కరు పొంగి విజిల్‌లోంచి గంజి చిమ్ముతుంది. పొంగకపోయినా లోపల బియ్యం చితికి నీళ్లతో ఏకమైపోతాయి, ఇక వార్చడానికి ఏమీ మిగలదు.

రెండోది పేయ. నీళ్లు ఇక్కడా 14 రెట్లే, కాని కొన్ని మెతుకులు అందులో ఉంటాయి, ద్రవమే ఎక్కువ. మూడోది విలేపి. 4 రెట్ల నీళ్లు, మెతుకే ఎక్కువ, గరిటెకు అంటుకునేంత చిక్కదనం. ఒళ్లు పుష్టి కలిగిస్తుందని, తృప్తినిస్తుందని దాని గుణం. ఈ రెండింటి మధ్య 6 రెట్ల నీళ్ల యవాగువు ఉంది. దాన్ని బియ్యంతోనే గాక పెసలు, మినుములు, నువ్వులతో కూడా చేయమన్నాడు, కృశర అని ఇంకో పేరు. ఇక భక్తం, అంటే అన్నం: 4 పలాల బియ్యాన్ని 14 రెట్ల నీళ్లలో ఉడికించి మండం వార్చేయాలి. 192 గ్రాముల బియ్యం, దాదాపు 2.7 లీటర్ల నీళ్లు.

ఈ అంకెలను పక్కపక్కన పెట్టి చూస్తే ఒక సంగతి తేటపడుతుంది. మండానికీ, పేయకూ, భక్తానికీ నీళ్లు ఒకటే, 14 రెట్లు. ఒకే కుండ. పైనున్న తేటను వారిస్తే మండం, ఆ తేటలో కాస్త మెతుకు కలిపితే పేయ, వార్చగా మిగిలిన అన్నం భక్తం. ఇవాళ లేచి కూర్చోలేనివాడికి మండం, నిన్ననే జ్వరం తగ్గినవాడికి పేయ, కోలుకున్నవాడికి తేలికైన అన్నం. 15 మంది రోగులకు ఇద్దరు ఆడవాళ్లు వండాల్సిన చోట ఇంతకంటే తెలివైన ఏర్పాటు ఉంటుందా?

ఏ పూట ఏది అన్నదానికి ఆకలే కొలమానం. చరకుడు శోధన చికిత్స (వాంతి, విరేచనాలతో ఒంటిని శుద్ధి చేయడం) తర్వాత వరస చెప్పాడు: పేయ, విలేపి, తాలింపు లేని కట్టు, తాలింపు వేసిన కట్టు, చివరికి మాంసరసం. నిప్పురవ్వను గడ్డి, పిడకలు కొద్దికొద్దిగా వేస్తూ రాజేస్తే అది పెద్దమంటై దేన్నయినా కాల్చగలిగినట్టు, జఠరాగ్నిని కూడా అలాగే పెంచాలంటాడు. రవ్వ మీద ఒకేసారి దుంగ పడేస్తే ఏమవుతుందో పొయ్యి ముందు కూర్చున్నవాళ్లెవరికైనా తెలుసు. లంఖణం పరమౌషధం అన్న మాటను పట్టుకుని రోజుల తరబడి పస్తు పెట్టేవాళ్లు ఆ తర్వాతి మెట్లు మర్చిపోతారు. లంఘనం మొదటి మెట్టు మాత్రమే.

మండంలోనే రకాలున్నాయి. వాట్యమండం యవలతో చేసేది, అంటే బార్లీ. పొట్టు పోయేలా దంచి, వేయించి, ఆ తర్వాతే ఉడికించాలి. కఫపిత్తాలకు, గొంతుకు మంచిదన్నారు. యవలు వేగేటప్పుడు వాసన మారుతుంది, పచ్చివాసన పోయి కమ్మదనం వస్తుంది, గింజ లేత గోధుమరంగు తిరుగుతుంది. అక్కడ ఆపేయాలి. మాడితే మండమంతా చేదు. బార్లీ నీళ్లు రోగికి పోయడం మన ఒక్కరి ఆలోచన కాదు. 1393 ప్రాంతంలో పారిస్‌లో ఒక గృహస్థు తన చిన్నవయసు భార్య కోసం రాసిన ఇంటి పుస్తకంలోనూ రోగుల వంటలకు విడిగా చోటుంది. బార్లీ పగిలేదాకా అతిమధురం, అంజూరపండ్లతో ఉడికించి, గుడ్డలో వడగట్టి, కలకండ వేసి ఇమ్మన్నాడు. రెండు వైపులా ఒకరిదొకరికి తెలియకపోయినా గింజ పగలడం, గుడ్డలో వడగట్టడం మాత్రం ఒకటే.

లాజమండం పేలాలతో. దప్పిక, జ్వరం తగ్గిస్తుందని, విరేచనాలను కడుతుందని చెప్పారు. వాంతులతో ఏదీ నిలవని మనిషికి నేనైతే అన్నిటికంటే ముందు దీన్నే చెబుతాను. పేలాలంటే వడ్లను వేడి ఇసుకలో వేయించి పేల్చినవి. బొరుగులు, మరమరాలు కావు. వాటిని ఉప్పు పట్టించిన ఉప్పుడు బియ్యంతో చేస్తారు, ఉడికితే ముద్దయి ఉప్పగా ఉంటాయి. పేలాలకు అంటుకున్న ఊకను ఓపిగ్గా ఏరాలి. చెరిగినా కొన్ని మిగులుతాయి, అవి మంటగా ఉన్న గొంతులో గుచ్చుకుంటాయి. ఇక్కడ కొలత తూకంతోనే సాధ్యం. 30 గ్రాముల పేలాలు చూడటానికి పెద్ద గిన్నెడు అవుతాయి, వాటికి నీళ్లు 420 మిల్లీలీటర్లే. ఒకసారి పేలిన గింజ కాబట్టి పది నిమిషాల్లో కరుగుతుంది. ఎక్కువసేపు ఉంచితే చిక్కబడి వడగట్టడం కష్టం.

అష్టగుణ మండం అన్నిటిలోకి రుచికరమైనది. బియ్యం, పెసలు, ధనియాలు, శొంఠి, పిప్పళ్లు, మిరియాలు, సైంధవం, ఇంగువ. ఎనిమిది దినుసులు, ఎనిమిది గుణాలు. ఇంగువను నూనెలో వేయించాలి. పాళ్లు శ్లోకంలో లేవు. నడిచే లెక్క బియ్యంలో సగం పెసలు. 40 గ్రాముల బియ్యం, 20 గ్రాముల పెసలు, 840 మిల్లీలీటర్ల నీళ్లు, ధనియాల పొడి అర చెంచా, శొంఠి, పిప్పలి, మిరియాల పొడులు మూడూ కలిపి పావు చెంచా. చెంచాడు నూనెలో శనగగింజంత ఇంగువ పొంగేదాకా వేయించి, బియ్యం పెసలు అందులో రెండు నిమిషాలు తిప్పి, నీళ్లు పోయాలి. పెసలు ఉడికేదాకా ఉంచి వడగట్టడమే. ఇంగువ ముదురురంగు తిరిగితే తీసేసి మళ్లీ మొదలుపెట్టండి, మాడిన ఇంగువ చేదును ఏదీ కప్పలేదు. మిరపకాయ ఈ వంటలో ఉండదు, ఉండే వీలూ లేదు. పోర్చుగీసువాళ్లు తెచ్చేదాకా మన నేల మీద కారమంటే మిరియం, పిప్పలి, శొంఠే.

ఇప్పటిదాకా చెప్పినవి మామూలు నీళ్లతో. అసలు నేర్పంతా మందునీళ్లతో వండటంలో ఉంది. కషాయానికీ వంట నీళ్లకూ శార్ఙ్గధరుడు వేర్వేరు లెక్కలిచ్చాడు. కషాయమైతే పలం మూలికకు 16 రెట్ల నీళ్లు, మట్టిపాత్రలో సన్నసెగ మీద కాచి ఎనిమిదో వంతు మిగల్చాలి: 48 గ్రాములు, 768 మిల్లీలీటర్లు, మిగిలేది 96. తాగడానికీ, అన్నం జావల్లో వాడటానికీ అయితే పలం మూలికకు 64 పలాల నీళ్లు, సగం మిగలాలి. 48 గ్రాములకు 3 లీటర్లు పోస్తే మిగిలేది లీటరున్నర. రెండో నీళ్లు మొదటిదానికంటే 16 రెట్లు పలచన. మందు వాసన, కొద్దిపాటి చేదు, అంతే. కషాయంతో జావ కాస్తే ఎవరూ మింగలేరు, మింగినా మోతాదు అదుపు తప్పుతుంది. ఈ రెండు లెక్కలను కలిపేయడం వల్లే "మూలికల గంజి వాంతి తెప్పించింది" అన్న మాట వినిపిస్తుంది.

ఈ పద్ధతిలో బాగా పేరున్నది ఆరు మూలికల నీళ్లు: వట్టివేరు, పర్పాటకం, కురువేరు, తుంగముస్తలు, శొంఠి, చందనం. జ్వరంలో దప్పికకు. ఒకరికి ఒక రోజుకు ఒక్కోటి 2 గ్రాములు, మొత్తం 12. నీళ్లు 768 మిల్లీలీటర్లు, మిగలాల్సింది 384. వట్టివేరులో ఇసుక ఉంటుంది, మూడు నీళ్లు పోసి జాడించాలి. తుంగముస్తల మీద నూగులాంటి పీచు వేర్లు గీకేసి నలగ్గొట్టాలి. అన్నిటినీ కచ్చాపచ్చాగా దంచాలి. మెత్తటి పొడి చేస్తే నీళ్లు బురదగా మారి వడగట్టినా తేరవు. మూత తీసే కాచాలి. చల్లారాక గుక్కగుక్కగా ఇవ్వడానికి ఇది. జావ కాయాలంటే మిగిలిన 384 మిల్లీలీటర్లను లెక్కలోకి తీసుకోవాలి, మొదట పోసిన నీళ్లను కాదు. 14 రెట్ల లెక్కన దానికి సరిపోయే బియ్యం 27 గ్రాములు.

కషాయంలో తీపి కలపడానికీ లెక్కుంది. పంచదార వాతానికి నాలుగో వంతు, పిత్తానికి ఎనిమిదో వంతు, కఫానికి పదహారో వంతు. తేనె అయితే వరస తిరగబడుతుంది. తేనె ఎప్పుడూ గోరువెచ్చగా అయ్యాకే. ఏడాది లోపు పిల్లలకు తేనె అసలు వద్దు, ఇది ఇప్పటి వైద్యం ఖాయంగా చెప్పే జాగ్రత్త.

యూషం మన కట్టు. పలం పప్పుదినుసుకు ప్రస్థం నీళ్లు, శొంఠి పిప్పళ్లు అర కర్షం. 48 గ్రాముల పెసలకు లీటరున్నర పోసి సగమయ్యేదాకా ఇగరబెడితే పేయకంటే కాస్త చిక్కటి కట్టు దిగుతుంది. అర కర్షం అంటే 6 గ్రాములు, ఘాటుగానే ఉంటుంది. పిల్లలకు, కడుపులో మంట ఉన్నవాళ్లకు నాలుగో వంతు చాలు.

కట్లలో సప్తముష్టికం గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి. ఉలవలు, యవలు, రేగుపండ్లు, పెసలు, ఎండు ముల్లంగి, శొంఠి, ధనియాలు. ఏడు ముష్టులు. ముష్టి అంటే గుప్పెడని అనుకుంటాం గాని శాస్త్రంలో అది పలానికి ఇంకో పేరు. కాబట్టి ఒక్కోటి 48 గ్రాములు, మొత్తం 336. ఒక ఇంటికి నాలుగో వంతు తీసుకున్నా 84 గ్రాములు, నీళ్లు పై యూషం లెక్కనే. దీన్ని పాడుచేసేది తొందర. ఏడింటినీ ఒకేసారి వేస్తే ముల్లంగి కరిగి వాసన కొడుతుంది, ఉలవ మాత్రం రాయిలా ఉంటుంది. ఉలవలు, యవలు రాత్రంతా నానాలి. ముందు అవి సగం ఉడకాలి, తర్వాత పెసలు, రేగుపండ్లు, చివరి పావుగంటలో ముల్లంగి, ధనియాలు, శొంఠి. పచ్చిముల్లంగి ఎండు దానికి బదులు కాదు, నీళ్లు ఊరి కట్టు కంపు కొడుతుంది. కఫవాతాలకు, దగ్గు పట్టిన జ్వరానికి ఇది తగినది. ఉలవలో వేడి ఉంది కాబట్టి పుల్లతేన్పులు, మంట ఉన్నవాడికి పనికిరాదు, వాడికి వట్టి పెసరకట్టే.

నిప్పు అక్కర్లేని వంట ఒకటుంది, ధనియాల హిమం. హిమానికి పలం దినుసుకు 6 పలాల నీళ్లు, రాత్రంతా నానాలి, మోతాదు 2 పలాలు. ధనియాలు కొంత నీరు పీల్చేస్తాయి కనుక 96 మిల్లీలీటర్లు చేతికి రావాలంటే 20 గ్రాములు, 120 మిల్లీలీటర్లతో మొదలుపెట్టాలి. నలగ్గొట్టి మట్టి లేదా గాజు పాత్రలో వేసి ఉంచి, పొద్దున వడగట్టి కలకండ కలపడమే. లోపలి మంటకు, దప్పికకు.

దీనికి పూర్తిగా ఎదురు కొసన ఉన్నది పుటపాకం. ఎంత దంచినా రసం రాని బెరడునుంచి రసం తీసే ఉపాయం. విరేచనాలకు కొడిసెపాల బెరడుతో చేసేది ప్రసిద్ధం. అప్పుడే ఒలిచిన బెరడు 4 పలాలు, బియ్యం కడుగుతో ముద్దగా నూరి, నేరేడు ఆకుల్లో చుట్టి దారంతో కట్టాలి. దాని మీద గోధుమపిండి ముద్ద, దాని మీద చిక్కటి బంకమట్టి, రెండు వేళ్ల మందం, కనీసం బొటనవేలంత. పిడకల నిప్పులో పెట్టి, మట్టి నిప్పుకణిక రంగుకు వచ్చాక బయటికి తీయాలి. గడియారం లేని రోజుల్లో ఆ రంగే గడియారం. పగలగొడితే లోపల ముద్ద తన ఆవిరిలో తానే ఉడికి మెత్తబడి ఉంటుంది, గుడ్డలో వేసి పిండితే రసం దిగుతుంది. పలం రసం, చల్లారాక కర్షం తేనె. ప్రతి పొరకూ పనుంది. ఆకు ముద్దను పట్టి ఉంచుతుంది, పిండి మట్టిని లోపలికి రానివ్వదు, మట్టి ఆవిరిని పోనివ్వదు. మట్టి పలచనైనా, తడి సరిగా లేకపోయినా బీటలు వారి ఆవిరి పోయి బెరడు మాడుతుంది. ఇది ఇంట్లో చేసుకు తాగమని చెప్పడం లేదు. నెత్తురు పడే విరేచనాలకు ముందు డాక్టరు కావాలి. కాని ఆ పనితనం తెలుసుకుని తీరాలి.

నిలవ మాట మరవకూడదు. గంజి, జావ ఏ పూటకాపూటే. వండిన బియ్యంలో బాసిల్లస్ సీరియస్ అనే సూక్ష్మజీవి బయట ఉంచిన కొద్ది గంటల్లో పెరిగి విషం వదులుతుంది. వాంతి తెప్పించే ఆ విషం మళ్లీ మరగబెట్టినా పోదు. అసలే వాంతులతో ఉన్న మనిషికి పొద్దుటి గంజి సాయంత్రం వెచ్చబెట్టి ఇవ్వడం కంటే మళ్లీ 50 గ్రాములు కాయడం మేలు. మధుమేహం ఉన్నవాళ్లకు మండం చక్కెరను త్వరగా పెంచుతుంది, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లకు సైంధవమైనా ఉప్పే.

చివరిగా క్షీరపాకం, పాలతో మూలిక కాచడం. కొత్త జ్వరంలో పాలు విషంలాంటివన్నారు, పాతబడిన జ్వరంలో అవే మేలైన మందన్నారు. కాబట్టి ఇది కోలుకునే రోజుల వంట. మూలికకు 8 రెట్లు పాలు, పాలకు 4 రెట్లు నీళ్లు, నీళ్లన్నీ ఇగిరి పాలు మిగలాలి. పంచమూలం లాంటి వేర్లు 15 గ్రాములు, పాలు 120 మిల్లీలీటర్లు, నీళ్లు 480. వట్టి పాలలో వేరు ఉడకదు, సారం దిగకముందే పాలు అడుగంటుతాయి. అన్ని నీళ్లు పోసేది అందుకే. మంట పెంచితే పొంగుతుంది, మీగడ కట్టనిస్తే సారం దానికి పట్టుకుంటుంది, కలుపుతూనే ఉండాలి. పాలే మిగిలాయని తెలిసేదెలా? ముందు ఒట్టి 120 మిల్లీలీటర్ల పాలు గిన్నెలో పోసి, నిలువుగా ఒక పుల్ల ముంచి, తడి ఎక్కడిదాకా వచ్చిందో అక్కడ చాకుతో గాటు పెట్టుకోండి. ఆ తర్వాత వేర్లు, నీళ్లు వేసి పొయ్యి మీద పెట్టాలి. వడగట్టబోయే ముందు పుల్ల మళ్లీ ముంచితే తడి ఆ గాటుకు ఒక వెంట్రుకవాసి పైన ఉండాలి, నానిన వేర్లు కొంత చోటు తీసుకుంటాయి కాబట్టి.